టీకా వేశాక గేదె మేత మానేస్తే... కంగారు వద్దు, గొట్టం అసలే వద్దు

"బాగున్న గేదెకు సూది వేయించాం. సాయంత్రానికల్లా కుడితి ముట్టలేదు. పాలు సగానికి పడ్డాయి." గాలికుంటు టీకాలు వేసి వెళ్ళిన మర్నాడు ఏ ఊరికి పోయినా ఈ మాట వినపడుతుంది. ఒకటో రెండో గేదెలున్న ఇంట్లో పాలు సగానికి పడితే ఆ పదిహేను రోజుల పాల బిల్లు తగ్గుతుంది, కిరాణా కొట్టు బాకీ నిలిచిపోతుంది. రైతు కంగారు పడడంలో తప్పు లేదు. కానీ ఆ కంగారులో మనం చేసే పనులే చాలాసార్లు టీకా కన్నా ఎక్కువ చెరుపు చేస్తాయి.

టీకా వేశాక పశువుకు ఏం జరుగుతుంది, మేత ఎందుకు మానేస్తుంది, అప్పుడు మనం ఏం చేయాలి, ఏం చేయకూడదు, డాక్టరును ఎప్పుడు పిలవాలి అన్నవి ఈ వారం చూద్దాం. ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. అది మీ ఇంట్లో జరగకూడదనే ఈ వ్యాసం.

మా పాకలో జరిగింది

1998 వేసవిలో నేను ఇంటరు పరీక్షలు రాసి ఇంటి దగ్గర ఉన్నాను. మాకు ఒక గ్రేడెడ్ ముర్రా గేదె ఉండేది. రెండో ఈత. రెండు పూటలా కలిపి ఆరు లీటర్లు ఇచ్చేది. పొద్దున టీకా వేశారు. సాయంత్రం కుడితి తొట్టి వాసన చూసి మూతి తిప్పుకుంది. మర్నాడు కూడా నెమరు వేయలేదు. ఇంట్లో అందరికీ గుబులు పుట్టింది. మా బాబాయి మోరెత్తి దూలానికి పలుపు బిగించి, నాలుక పక్కకి లాగి పట్టుకున్నాడు. అల్లం, వెల్లుల్లి, మిరియాలు నూరి కాచిన కషాయం నేను వెదురు గొట్టంతో పోశాను. మూడో గొట్టానికి గేదె గట్టిగా దగ్గింది. "ఘాటు ఎక్కింది, మందు పని చేస్తోంది" అనుకుని మిగతాది కూడా పోసేశాం.

ఆ రాత్రి నుంచి రొప్పడం మొదలుపెట్టింది. ముక్కుల వెంట చెడ్డ వాసనతో చీమిడి కారింది. అయిదో రోజు చచ్చిపోయింది. టీకానే గేదెను చంపిందని ఊళ్ళో పదిమందికి చెప్పాం. నేనూ చెప్పాను. మూడేళ్ళు మా ఇంట్లో ఏ పశువుకూ టీకా వేయనివ్వలేదు. తర్వాత గాలికుంటు వచ్చింది. ఉన్న ఎడ్లలో ఒకటి బతికింది గానీ ఎండపొడ తగిలితే చాలు రొప్పేది, అరకకు పనికిరాలేదు. వచ్చిన ధరకు అమ్మేశాం.

చాలా ఏళ్ళకి, ఈ పనిలోకి వచ్చాక, ఒక పశువైద్యుడికి ఈ సంగతి చెప్పాను. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "మందు పోసేటప్పుడు దగ్గిందా?" దగ్గిందన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మందు పొట్టలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోయిందని నాకు అప్పుడు అర్థమైంది.

టీకాతో ఒంట్లో ఏం జరుగుతుంది?

మన దగ్గర గాలికుంటుకు వేసే టీకాలో చంపిన వైరస్ ఉంటుంది. ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు రకాల వైరస్‌లకు ఇది రక్షణ. నూనె కలిపిన మందు కాబట్టి నెమ్మదిగా ఇంకుతూ ఎక్కువ కాలం పని చేస్తుంది. చచ్చిన వైరస్ జబ్బు తేలేదు. కానీ కొత్త శత్రువు వచ్చిందనుకుని పశువు ఒళ్ళు యుద్ధానికి సిద్ధమవుతుంది. అందువల్లే ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది, సూది వేసిన చోట గట్టిగా వాస్తుంది, పశువు డీలాగా ఉంటుంది. చిన్నపిల్లలకు టీకా వేయించిన రాత్రి ఒళ్ళు కాలడం మనందరికీ తెలిసిందే. ఇదీ అలాంటిదే.

మామూలుగా ఈ జ్వరం ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పాలు కొద్ది రోజులు తగ్గి మళ్ళీ ఎప్పటి మట్టానికి వస్తాయి. సూది వేసిన చోట చిన్న గడ్డ కొన్ని వారాలు కూడా ఉండొచ్చు. దాన్ని నలపకూడదు, కాల్చకూడదు, కోయకూడదు. వేడిగా, మెత్తగా అయి పెరుగుతూ ఉంటే చీము పట్టిందని గుర్తు. అప్పుడు డాక్టరుకు చూపించాలి.

జ్వరం సూదికైతే పొట్ట ఎందుకు చెడుతుంది?

ఇది తెలిస్తే సగం వైద్యం తెలిసినట్టే. గేదె, ఆవు, మేక, గొర్రెల పొట్టలో నాలుగు అరలు ఉంటాయి. మొదటిది పెద్దపొట్ట. ఎడమ డొక్క వైపు ఉంటుంది. అందులో కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్లకు కోట్లు ఉంటాయి. గడ్డిని అరిగించేది నిజానికి అవే. మనం గేదెను మేపుతున్నాం అనుకుంటాం. మనం మేపేది ఆ జీవులను, అవి గేదెను మేపుతాయి.

ఆ జీవులకు మూడు కావాలి: వేళకు మేత, సరిపడా నీరు, నెమరు. పశువు నెమరు వేసేటప్పుడు నోట్లో లాలాజలం ఊరుతుంది. పెద్ద పశువుకు రోజుకు 100 లీటర్ల దాకా కూడా ఊరుతుంది. అందులో సోడా ఉప్పు లాంటి లవణం ఉంటుంది. పొట్టలో పుట్టే పులుపును అది విరుస్తుంది.

జ్వరం వచ్చిన పశువు నెమరు తగ్గిస్తుంది. నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది. పెద్దపొట్ట కదలిక మందగిస్తుంది. తిన్నది ముందుకు పోదు. ఆకలి ఇంకా చస్తుంది. మేత లేక పొట్టలో జీవులు తగ్గిపోతాయి. జ్వరం ఒకటిన్నర రోజులో పోయినా పొట్ట తేరుకోవడానికి ఇంకో రెండు మూడు రోజులు పట్టేది అందుకే. "జ్వరం లేదు గదా, ఇంకా ఎందుకు తినడం లేదు?" అని రైతు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే.

ఇలాంటి బలహీనమైన పొట్టలోకి మనం ఒక్కసారిగా ఏది దింపినా అది తట్టుకోలేదు. కుండెడు గంజి అయినా, ఘాటు కషాయం అయినా, గంపెడు దాణా అయినా ఒకటే.

ముందు మీరే చూసుకోవలసినవి

పశువు మేత మానేసిందని తెలియగానే మందు కోసం పరుగెత్తకుండా ఒక పావుగంట దాని పక్కన నిలబడండి. ఈ అయిదూ చూడండి.

1. ముట్టె: ఆరోగ్యంగా ఉన్న పశువు ముట్టె తడిగా, చెమట పట్టినట్టు ఉంటుంది. ఎండిపోతే జ్వరం ఉందని అనుమానించాలి.

2. జ్వరం: చెవులు పట్టుకుని చూడడం కంటే థర్మామీటరు మేలు. ఇంటికొకటి ఉండాలి. ఆసన ద్వారంలో లోపలి గోడకు ఆనేట్టు పెట్టి రెండు నిమిషాలు ఉంచండి. పేడలో గుచ్చితే తప్పు చూపిస్తుంది. గేదెకు 100 నుంచి 102 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. ఎండలో నిలబడిన గేదెకు ఊరికే కూడా పెరుగుతుంది కాబట్టి నీడలో, పొద్దున పూట చూడాలి.

3. నెమరు: మేత తిన్న గంట రెండు గంటల్లో నెమరు మొదలు కావాలి. రోజు మొత్తం మీద ఆరు నుంచి ఎనిమిది గంటలు వేస్తుంది. ఒక పూట పూర్తిగా నెమరు లేదంటే లెక్కలోకి తీసుకోవాలి.

4. ఎడమ డొక్క: పిడికిలి బిగించి ఎడమ డొక్క గుంటలో గట్టిగా ఆనించి పెట్టండి. లోపలి నుంచి అల లాగా వచ్చి మీ చేతిని పైకి నెడుతుంది. రెండు నిమిషాల్లో 2 నుంచి 4 సార్లు రావాలి. ఒకటీ రాకపోతే పొట్ట కదలడం లేదు. డొక్క ఉబ్బి, తడితే డప్పులా మోగితే గాలి పట్టింది.

5. పేడ, మూత్రం: పేడ కొంచెంగా, గట్టిగా వేస్తే మామూలు అజీర్తి. పుల్లటి వాసనతో నీళ్ళలా పారితే పొట్ట పులిసింది. మూత్రం కాఫీ రంగులో ఉంటే అది టీకా వల్ల కాదు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం లాంటి వేరే జబ్బు అయి ఉండొచ్చు. ఆలస్యం చేయకూడదు.

చూసినవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టండి. డాక్టరు వచ్చినప్పుడు ఆ కాగితం చాలా పని చేస్తుంది.

మొదటి మూడు నాలుగు రోజులు ఇలా చేయండి

టీకా వేసిన రోజు: పశువును నీడలో కట్టండి. ఆ రోజు, తర్వాత రెండు మూడు రోజులు అరక కట్టొద్దు, బండి కట్టొద్దు, సంతకు తోలొద్దు, దూరం మేతకు పంపొద్దు. చల్లటి మంచినీళ్ళు ఎప్పుడూ ఎదురుగా ఉండాలి. గేదెకు వేడి ఎక్కువ ఉంటే ఒంటి మీద నీళ్ళు చల్లండి. "సూది వేశాక కడగకూడదు" అనే నియమమేమీ లేదు. టీకా వేశాక కనీసం అరగంట పశువు పక్కన మనిషి ఉండాలి. ఎందుకో కింద చెబుతాను.

రెండో రోజు: దాణా ముట్టకపోతే బలవంతం చేయకండి. తొట్టిలో ఉన్న పాత కుడితి పారబోసి కడగండి. పులిసిన వాసనకు పశువు ఇంకా దూరం జరుగుతుంది. మెత్తటి పచ్చిగడ్డిని, శుభ్రమైన ఎండుగడ్డిని కొంచెం కొంచెంగా, నాలుగైదు సార్లుగా చేతితో అందించండి. గంపెడు ఒకేసారి ముందు పడేస్తే వాసన చూసి వదిలేస్తుంది. బకెట్టు నీళ్ళలో గుప్పెడు ఉప్పు, కాస్త బెల్లం కలిపి ముందు పెట్టండి. తనంతట తాను తాగితే తాగుతుంది. మామూలు నీళ్ళు ఇంకో బకెట్టులో వేరుగా ఉంచండి.

మూడో రోజు: చాలా పశువులు ఈ రోజుకు గడ్డి పట్టుకుంటాయి. నెమరు మొదలైతే సగం గండం గడిచింది. అప్పుడే పూర్తి దాణా పెట్టేయకండి. మొదటి రోజు మామూలులో పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, ఇలా నాలుగైదు రోజులకు పూర్తి దాణాకు తీసుకురండి. పాలు తగ్గాయని దాణా పెంచితే పాలు రావు, పొట్ట పులుస్తుంది.

పిల్లిపెసర, లూసర్న్ లాంటి పప్పుజాతి పచ్చిమేత ఆకలి మీద ఉన్న పొట్టలో వేస్తే ఉబ్బుతుంది. ఎండుగడ్డి ముందు వేసి, తర్వాత కొంచెం కలిపి వేయాలి.

పాలు పిండడం మాత్రం మానకూడదు. తక్కువ వచ్చినా వేళకు పిండి పొదుగు ఖాళీ చేయండి. లేకపోతే పొదుగు వాపు అదనంగా వచ్చి పడుతుంది.

ఇంటి మందు వేయొచ్చా?

వేయొచ్చు, కానీ ముద్దగా. అల్లం 100 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, జీలకర్ర 10 గ్రాములు, మిరియాలు 10, వెల్లుల్లి రెబ్బలు 10, తమలపాకులు 10 కలిపి మెత్తగా నూరండి. చిన్న చిన్న ఉండలు చేసి, ఉప్పు అద్ది, ఒక్కొక్కటి నాలుక మీద పెడితే పశువు తనే నమిలి మింగుతుంది. ఇది పెద్ద పశువుకు ఒక రోజుకు సరిపడే మోతాదు. దీనితో లాలాజలం ఊరి ఆకలి పుడుతుంది. ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో దొరికే ఆకలి పొడులు కూడా ఇదే పని చేస్తాయి. వాటిని కూడా బెల్లంతో ముద్ద చేసి నాకించడమే మంచిది.

ఇది ఆకలి పుట్టించేదే తప్ప జ్వరానికి మందు కాదు. ఒకటి రెండు రోజుల్లో గుణం కనపడకపోతే డాక్టరు దగ్గరకు పోవాల్సిందే.

చేయకూడని నాలుగు పనులు

ఒకటి, గొట్టం: మోర పైకెత్తి నాలుక లాగి మందు పోయడం మన ఊళ్ళల్లో తాతల నాటి అలవాటు. పశువు మింగాలంటే నాలుక కదలాలి. నాలుక మన చేతిలో ఉంటే అది మింగలేదు. మోర పైకి ఉంటే మందు నేరుగా గాలిగొట్టంలోకి దిగుతుంది. నీరసంగా ఉన్న పశువుకు దగ్గి బయటికి నెట్టే శక్తి కూడా ఉండదు. రెండు మూడు రోజుల్లో న్యుమోనియా వస్తుంది. దానికి వైద్యం ఖర్చు ఎక్కువ, గుణం తక్కువ. పట్టక తప్పని మందును డాక్టరు ఇచ్చి పట్టమంటే తల వెన్నుపూస మట్టానికి మించి ఎత్తకండి. నాలుక పట్టుకోకండి. బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా పోసి, మింగాక ఇంకాస్త పోయండి. దగ్గగానే తల వదిలేయండి. పడుకున్న పశువుకు, స్పృహ లేని పశువుకు, రొప్పుతున్న పశువుకు నోటి వెంట ఏమీ పోయొద్దు.

రెండు, గంజి, అన్నం: "నీరసంగా ఉంది, బలం వస్తుంది" అని కుండెడు గంజి, మిగిలిన అన్నం, జొన్నపిండి జావ పెడతారు. మనిషికి అది పథ్యం. నెమరు వేసే పశువుకు విషంతో సమానం. ఉడికిన పిండి పదార్థం పెద్దపొట్టలో వేగంగా పులిసి ఆమ్లం పుడుతుంది. పొట్టలో నీళ్ళు గలగలలాడతాయి, పుల్లటి విరేచనాలు పడతాయి, పశువు తూలుతుంది, పడిపోతుంది. పెళ్ళిళ్ళ భోజనాల మర్నాడు మిగిలిన అన్నం తిని పశువులు చావడం మీరు విని ఉంటారు. ఇదీ అదే.

మూడు, మన మాత్రలు, తెలియని సూదులు: ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు పొడి చేసి వేయొద్దు. డైక్లోఫెనాక్ పశువులకు వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఆ మందు వేసిన పశువు చనిపోతే కళేబరం తిన్న రాబందులు కూడా చచ్చేవి. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను కూడా 2023లో పశువులకు నిషేధించారు. ఇక జ్వరం చటుక్కున దించే స్టిరాయిడ్ సూదులు. నెలలు నిండుతున్న చూడి గేదెకు అవి వేస్తే ఈసుకుపోయే ప్రమాదం ఉంది. ఏ సూది అయినా పశువైద్యుడు చూసి వేయాల్సిందే.

నాలుగు, వాతలు: డొక్క మీద, సూది వేసిన చోట కాల్చడం. జ్వరానికి తోడు పుండు తప్ప వచ్చేదేమీ లేదు.

వెంటనే డాక్టరును పిలవాల్సిన గుర్తులు

టీకా వేసిన నిమిషాల్లో, లేదా కొద్ది గంటల్లో పశువు ఆయాసపడడం, నోట నురగ, కనురెప్పలు, మూతి వాయడం, ఒళ్ళంతా దద్దుర్లు లేవడం, వణికి కూలబడడం జరిగితే అది టీకా పడకపోవడం. చాలా అరుదు. కానీ జరిగితే ఆలస్యానికి వీల్లేదు. అడ్రినలిన్ సూది వెంటనే పడాలి. టీకా వేసినవాళ్ళు ఊళ్ళో ఉండగానే చెబితే పశువు దక్కుతుంది. అరగంట పక్కన ఉండమన్నది ఇందుకే. ఇలాంటప్పుడు నీళ్ళు గానీ కషాయం గానీ నోట్లో పోయకండి.

కింది వాటిలో ఏది కనపడినా ఆ రోజే చూపించాలి:

- జ్వరం 104 డిగ్రీలు దాటినా, మూడో రోజు కూడా తగ్గకపోయినా
- రెండు రోజులు దాటినా గడ్డి ముట్టకపోయినా, నెమరు లేకపోయినా
- ఎడమ డొక్క ఉబ్బినా, పశువు లేస్తూ పడుకుంటూ బాధపడినా
- నీళ్ళ విరేచనాలు, రక్త విరేచనాలు పట్టినా
- గొంతు కింద వాచి గురక వచ్చినా (ఇది గొంతువాపు కావచ్చు, గంటల్లో ప్రాణం తీస్తుంది)
- నోట్లో, గిట్టల మధ్య పుండ్లు కనపడినా
- ఈని రెండు నెలలు కాని, పాలు బాగా ఇచ్చే గేదె దాణా పూర్తిగా మానేసి చిక్కిపోతున్నా

చివరి దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కొత్తగా ఈనిన పాడి గేదె మేత తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగించుకుని పాలు ఇస్తుంది. అది మితిమీరితే కీటోసిస్ అనే జబ్బు పట్టుకుంటుంది.

రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాలకు 1962 నంబరు ఉంది. మీ ఊరికి ఎంతసేపట్లో వస్తుందో ముందే కనుక్కుని, ఆసుపత్రి నంబరుతో పాటు పాక గోడ మీద రాసి పెట్టుకోండి.

అంతా టీకా నెత్తిన వేయకండి

టీకా వేసిన వారంలో పశువుకు ఏం వచ్చినా దానికే అంటగడతాం. టీకా వేసే రోజుకే పశువు ఒంట్లో గాలికుంటు వైరస్ చేరి ఉండొచ్చు. ఆ జబ్బు బయటపడడానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. టీకా రక్షణ పూర్తిగా రావడానికి రెండు మూడు వారాలు కావాలి. ఈ మధ్యలో జబ్బు వస్తే టీకా వల్ల వచ్చింది కాదు, టీకా ఆలస్యమైంది అని అర్థం. మేతలో మేకు, తీగ ముక్క మింగినా పశువు మేత మానేస్తుంది. దాన్ని డాక్టరు తప్ప ఎవరూ తేల్చలేరు.

దురదృష్టవశాత్తూ పశువు చనిపోతే ఊరికే పూడ్చేయకండి. పశువైద్యుడికి చెప్పి పోస్టుమార్టం చేయించండి. మా గేదెకు ఆ రోజు అది చేయించి ఉంటే అసలు కారణం ఆనాడే తెలిసేది. మూడేళ్ళు టీకాలు మానేవాళ్ళం కాదు.

టీకా రోజుకు ముందే సిద్ధం కండి

- టీకాకు రెండు మూడు వారాల ముందు నట్టల మందు వేయించండి. నట్టలున్న పశువుకు టీకా సరిగ్గా పట్టదు.
- జ్వరంతో ఉన్నా, మేత తినకుండా ఉన్నా ఆ సంగతి ముందే చెప్పండి. కోలుకున్నాక వేయించొచ్చు.
- ఎనిమిది నెలలు దాటిన చూడి పశువు ఉంటే చెప్పండి. వేయాలా, ఈనాక వేయాలా అన్నది వాళ్ళు చూస్తారు.
- పొద్దున చల్లటి పూట వేయించండి. పరుగెత్తించి, కొట్టి, పడేసి వేయించొద్దు.
- టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉండాలి. ఐసు పెట్టెలోంచి తీస్తున్నారా, పశువుకొక సూది మారుస్తున్నారా చూడండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు.
- గాలికుంటు టీకా దూడకు నాలుగో నెలలో మొదటిసారి, నెల తర్వాత మరోసారి, ఆ తర్వాత ఆరు నెలలకొకసారి వేయించాలి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇది ఉచితం.
- టీకా పేరు, తేదీ, చెవి పోగు నంబరు, తర్వాత ఏమైనా తేడా వచ్చిందా అన్నది నోటు పుస్తకంలో రాయండి. ఒకసారి టీకా పడని పశువు ఉంటే వచ్చేసారి సూది గుచ్చకముందే చెప్పాలి.

గొర్రెలు, మేకలు ఉన్నవాళ్ళకు

చిటుకు రోగం, పి.పి.ఆర్. టీకాలు వేశాక జీవాలు ఒకటి రెండు రోజులు మందకొడిగా ఉండొచ్చు. ఆ రెండు రోజులు దూరం తోలకుండా దగ్గరలోనే మేపండి. తాలు, గింజలు ఎక్కువ పడిన కోత చేలల్లోకి తోలకండి. టీకా వేసిన కొద్ది రోజులకే మందలో ముక్కు కారడం, నోటి పుండ్లు, పారుడు కలిసి కనపడితే పి.పి.ఆర్. అప్పటికే మందలోకి దూరి ఉంటుంది. అలాంటి జీవాలను వేరు చేసి వెంటనే ఆసుపత్రికి చెప్పండి.

రైతులు అడిగే ప్రశ్నలు

టీకా వేసిన గేదె పాలు తాగొచ్చా?
గాలికుంటు టీకా వేశాక పాలు పారబోయనక్కర్లేదు. ఎప్పటిలా కాచి తాగండి, కేంద్రానికి పోయండి. అయితే తర్వాత జ్వరానికి యాంటీబయాటిక్ సూదులు వేస్తే మాత్రం పాలు ఎన్ని రోజులు వాడకూడదో డాక్టరును అడగండి.

ఒక్క గేదెకు వేయించకపోతే ఏమవుతుంది?
ఊళ్ళో నూటికి 80కి పైగా పశువులకు టీకా పడితేనే జబ్బు వ్యాపించకుండా ఆగుతుంది. మానేసిన గేదె తనకూ ముప్పే, పక్క పాకకూ ముప్పే.

సూది వేస్తే ఈసుకుపోతుందా?
చంపిన వైరస్ టీకా వల్ల చూడి పోవడం అరుదు. పట్టుకునేటప్పుడు పడేయడం, కొట్టడం వల్లే ఎక్కువ ప్రమాదం.

ఇంటి పిల్లికైతే...

ఎలుకల బాధకు ధాన్యం ఉన్న ఇంట పిల్లిని పెంచుకుంటాం. దానికి కూడా మూడు నెలల వయసు దాటాక కుక్కకు వేసినట్టే రేబిస్ టీకా వేయించాలి. టీకా తర్వాత ఒక రోజు వాంతి, విరేచనం, ముడుచుకుని పడుకోవడం ఉండొచ్చు. కొద్ది గంటలు తిండి ఆపి, నీళ్ళు కొంచెం కొంచెం పెట్టండి. తర్వాత ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం చిన్న ముక్కలుగా పెట్టండి. పాలు పోయకండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు ఎక్కువవుతాయి. ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ అసలే వేయొద్దు. ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపుతుంది. మూతి వాచినా, ఆయాసపడినా ఆగకుండా, ఒకటిన్నర రోజు ఏమీ తినకపోయినా ఆసుపత్రికి తీసుకుపోండి. పిల్లికి ఎక్కువ రోజులు పస్తు కూడదు, కాలేయం చెడుతుంది.

చివరగా ఒక మాట. టీకా వేశాక రెండు రోజులు పాలు తగ్గితే పోయేది కొద్ది లీటర్లు. గాలికుంటు వస్తే పోయేది ఈత మొత్తం, అరక మొత్తం. ఆ రెండు రోజులూ పశువుకు నీడ, నీళ్ళు, గుప్పెడు గుప్పెడుగా గడ్డి ఇచ్చి ఓపిక పట్టండి. మీ పాకలో దూలం మీద వెదురు గొట్టం ఇంకా ఉంటే, దాన్ని ఈరోజే పొయ్యిలో పెట్టండి.